కింది వాల్వు

ఏసోబు పంపు గొట్టాన్ని పెదాలకు ఆనించి గాలి పీల్చాడు. లోపలి గోలీ టక్కున అతుక్కోవాలి. అతుక్కోలేదు. పురుగుమందు ఘాటు మాత్రం ముక్కుకెక్కింది. సత్తెనపల్లి రోడ్డు పక్కన రేకుల కొట్టులో ఇరవై రెండేళ్లుగా మందు పంపులు బాగుచేస్తున్నాడు. వాల్వుల్ని పరీక్షించేది నోటితోనే.

"కింది వాల్వు కారతందయ్యా." అంతమాత్రానికే ఊపిరి అందలేదు. వాచిన పాదాల్లోకి చెప్పుల పట్టీలు దిగబడ్డాయి.

"ఇప్పుడు విప్పి కూర్చుంటావా ఏంది!" పంపు తెచ్చిన రైతు యలమంద గొంతు లేపాడు. "చేనంతా పచ్చపురుగు. పిడి ఒకటికి రెండుసార్లు కొట్టుకుంటాలే, ఈ పంటకు లాగిద్ది."

రైతులందరిదీ అదే పద్ధతి. పొద్దున ఆసుపత్రికని సంచి సర్ది గుమ్మంలో పెట్టిన భార్య సువార్తతో ఏసోబు అన్నదీ అదే మాట. "కొట్టుకుంటానే ఉందిగదే, ఈ పంటకు లాగిద్ది."

కిందటి నెల గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాగితం మీద గుండె బొమ్మ గీసింది. గుండె సడలినప్పుడు పైగది నెత్తురు కిందిగదిలోకి దిగి నిండుతుంది. మధ్య తలుపు మూసుకుంటుంది. కిందిగది బిగుసుకుని పిండితే నెత్తురు బయటి తలుపు తోసుకుని ఒళ్లంతా పారుతుంది. ఆ తలుపూ పడ్డాక గుండె మళ్లీ సడలుతుంది.

"మా పంపే గదమ్మా!" అన్నాడు ఏసోబు.

ఆమె నవ్వలేదు. "నీ మధ్య తలుపు మూతపడటం లేదు. పిండిన నెత్తురు వెనక్కి పోతోంది. అందుకే గుండెకు ఆ పరుగు. ఎంత పరిగెత్తితే నిండే వ్యవధి అంత తగ్గిపోతుంది. సోమవారం వచ్చి చేరు, తలుపు మార్చాలి."

నాలుగు సోమవారాలు గడిచాయి.

"ఎంత కొట్టినా నిండదయ్యా," అన్నాడిప్పుడు యలమందతో. "గోలీ కింద తోలు మార్చాల్సిందే. దించిపో, పొద్దుగూకేలోపు రా."

తన మాట తనకే వినపడ్డట్టయింది. కొత్త తోలు బిళ్ల గుండ్రంగా కోసి, కొబ్బరిచిప్పలోని ఆముదంలో వేశాడు.

మధ్యాహ్నం సువార్త అన్నం తెచ్చింది.

"రేపు పోదామే," అన్నాడు.

"నిజంగానా మావా?"

"నిజంగానే. సంచి విప్పమాక."

ఆమె గబగబా చెంబు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఏసోబు పంపు మీదికి వాలి ఉన్నాడు. నోటి దగ్గర గొట్టం అలాగే ఉంది. ఎంత కుదిపినా పలకలేదు.

పొద్దుగూకే వేళ యలమంద వచ్చాడు. కొట్టు ముందు జనాన్ని చూసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. పంపు సంగతి ఎత్తలేదు.

బల్ల కింద, కొబ్బరిచిప్పలో, తోలు బిళ్ల ఆముదం పీల్చుకుని మెత్తబడింది. బిగించడానికి తయారుగా ఉంది.