రత్నానికి ఒక గది

ఫ్యాక్టరీ పనులకి ఉత్తరాదికి వలసొచ్చినవాళ్ల గోల్‌మురి తెలుగు బస్తీకి సొంత భవనం కడదామని సంఘం అనుకున్నప్పుడు పోలమ్మ ఒకే ఒక్క కోరిక కోరింది. హాలు పక్కన చిన్న గది కావాలంది. పెళ్లీడు దాటుతున్న కూతురు రత్నానికి మైకు మోత పడదు. జనం మీద పడితే చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటుంది. రాంచీ డాక్టరు దానికి ఆటిజం అని పేరు చెప్పాడు. బస్తీకి అంత కష్టమెందుకు, పిచ్చిది అనేసి ఊరుకుంది. ఆ పిల్ల పుట్టాక పోలమ్మ ఒక పెళ్లికి వెళ్లిందా, ఒక పేరంటానికి వెళ్లిందా!

"కూకుంటే హాలు కనపడేటట్టు కిటికీ ఎట్టండి బాబూ. గోలైతే నోపలికెల్తాది, బాగుంటే బయటికొత్తాది. నలుగురితోటీ ఒక్కపాలి బంతిలో కూకొని తినాల నా పిల్ల" అంది.

సంఘం కార్యదర్శి ఆదిబాబు పెద్ద మనసు గలవాడని పేరు. "అలాగే అప్పా" అన్నాడు, సొంత అక్కతో అన్నట్టే.

సెలవు రోజుల్లో బస్తీ అంతా తలో చెయ్యి వేసి కట్టుకున్న భవనం అది. ఆ గది ఇటుకలు మాత్రం పోలమ్మ ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. తన నెత్తి మీదే మోసింది. ఇటుకలన్నీ చేరేశాక మాత్రం రత్నాన్ని వదిలి రాలేక, గోడలు లేవడం చూడలేదు.

ప్రారంభం నాడు, కొత్త బట్ట ఒంటికి గీసుకుంటుందని, ఉతికి మెత్తబడిన చీరే కట్టి రత్నాన్ని తీసుకొచ్చింది. మైకు మొదలవగానే పిల్ల చెవులు మూసుకుంది. పోలమ్మ గబగబా గది దగ్గరికి నడిపించింది. కిటికీ లేదు. పైకప్పు కింద జానెడు కంత ఉంది. తలుపు గడియ బయటివైపు ఉంది.

"ఈ గడియ బయటెందుకెట్టారు బాబూ?"

"నీ కోసవే అప్పా. పిల్లని నోపలెట్టి గడియేసీసి నువ్వు నిమ్మళంగా బోంచేత్తావని" అన్నాడు ఆదిబాబు.

అతని మొహంలో కల్మషం లేదు. అదే పోలమ్మ కడుపు మండించింది. తిట్టడానికైనా దొరకని మంచితనం!

మోత పెరుగుతుంటే ఇంకేం చేస్తుంది? కూతురితో పాటు తనూ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. కాసేపటికి రత్నం చేతులు చెవుల మీంచి దిగాయి. అమ్మ ఒళ్లో తల పెట్టుకుంది. పోలమ్మకి ఏడుపొచ్చింది. తను అడిగింది ఇంతే కదా.

అప్పుడే బయట గడియ పడింది.

పోలమ్మ తలుపు బాదింది, గొంతు చించుకుని అరిచింది. మైకు ముందు ఆ అరుపు ఎంత? ఆ బాదుడికి రత్నం బెదిరిపోయి మూలకి చేరి, గోడకి తల కొట్టుకోవడం మొదలెట్టింది. బంతి లేచి, ఎంగిలాకులు ఎత్తి, మైకు ఆపాక గానీ ఎవరికీ వినపడలేదు.

ఆదిబాబే పరుగున వచ్చి తలుపు తీశాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. పోలమ్మ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"తప్పయిపోనాదప్పా. నువ్వూ నోపలున్నావని తెల్దు. పిల్లొక్కర్తే ఉందనుకుని ఏసీసినాను."