తెర వెనక తియ్యన్న

ఉదయగిరి కొండ కింద రామనారాయణ నేర్పే కరాటేకి ఆత్మకూరు పోటీల్లో ఒక పేరుంది. పుర్రచేతి కరాటే. మిగతా ఊళ్ళ పిల్లలు కుడి పిడికిలి బిగించి నిలబడితే, ఉదయగిరి పిల్లలు ఎడమ పిడికిలి బిగిస్తారు. తన్నేదీ ఎడమకాలితోనే. ఆ దెబ్బ ఎటునుంచి వస్తుందో ఎదుటివాడికి అర్థమయ్యేలోపల అది తగలాల్సిన చోట తగిలి ఉంటుంది. గెలిచిన కప్పులన్నీ రామనారాయణ ఇంటి అటకమీద, విత్తనం శనగల బస్తాల పక్కన దుమ్ము పట్టి ఉన్నాయి.

"అందరూ పుర్రచేతోళ్ళే ఎట్టా పుట్టినార్రా మీ ఊళ్ళో? నీళ్ళలో ఏమన్నా ఉండాదా?" అని ఎవరన్నా ఎగతాళి చేస్తే, రామనారాయణ మీసం సవరించుకునేవాడు.

"మా తియ్యన్న పద్ధతి అంతే" అనేవాడు.

తియ్యన్నంటే ఈ చుట్టుపక్కల మనిషి కాదు. చైనా సినిమా నటుడు. అసలు పేరు హో తియెన్‌లూ. ఆ పేరు ఉదయగిరి నోళ్ళలో పడి నలిగి, సుబ్బన్న, వెంగన్నల వరసలో తియ్యన్న అయి కూర్చుంది. ఆయన చేసేది కరాటే కాదనీ, కుంగ్‌ఫూ అనీ కొందరు చెప్పిచూశారు. ఊరు పట్టించుకోలేదు.

రామనారాయణ బడికి పోయే రోజుల్లో, ఆత్మకూరు నుంచి ఒక కోమటి ఆసామి ఉదయగిరిలో డేరా వేసి సినిమాలు ఆడించేవాడు. తెలుగు సినిమా పెట్టె దొరకనప్పుడల్లా మద్రాసు నుంచి ఏదో ఒక చైనా సినిమా దింపేవాడు. మాటలు అర్థం కాకపోయినా తన్నులు అందరికీ అర్థమయ్యేవి. ఆయన కొడుకు మురళీకృష్ణ, రామనారాయణ ఒకే క్లాసు. టిక్కెట్టు గొడవ లేదు. గొడవంతా రామనారాయణ నాయనతో. సినిమా చూస్తే పిల్లలు చెడిపోతారని ఊరందరికీ చెప్పే ఆ పెద్దమనిషి, తాను మాత్రం చైనా సినిమా వస్తే ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఆయన కంట పడకుండా కొడుకు చూడాలంటే ఒక్కటే దారి. తెర వెనక.

తెల్లగుడ్డ తెర. వెలుగు అటు పడితే బొమ్మ ఇటు కూడా కనపడుతుంది. అక్కడ నేలమీద, డేరా తాళ్ళ మధ్య కూర్చుని రామనారాయణ తియ్యన్న సినిమాలన్నీ చూశాడు. పొద్దున్నే కొండ కిందికి పోయి, చూసింది చూసినట్టు చేసేవాడు. తెర వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందన్న ఆలోచన అతనికి రాలేదు. తెలుగు అక్షరాలైతే తిరగబడ్డాయని తెలిసిపోయేది. చైనా అక్షరాలు ఎటు తిరిగినా మనకు ఒకటే.

పెద్దయ్యాక తియ్యన్న జీవితాన్ని అక్కడా ఇక్కడా ఏరుకుని తెలుసుకున్నాడు. సముద్రపు ఒడ్డున, వలలు అల్లే ఇంట్లో పుట్టాడట. పసివయసులోనే నాటకాల బడిలో వదిలిపెట్టారట. అక్కడ పిల్లిమొగ్గలు, కత్తిసాము. సినిమాల్లో మొదట హీరోల బదులు మేడల మీంచి పడే పని. పడీ పడీ ఒక దర్శకుడి కంట్లో పడ్డాడు. కొన్నాళ్ళు వెలిగాడు. ఒక సినిమాలో పెంకుల కప్పు మీంచి దూకబోయి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లేచేసరికి హీరోలు మారిపోయారు. ఆ తర్వాత అన్నీ తెల్లగడ్డం గురువు వేషాలే. సగం సినిమా కాకముందే ఆ గురువును విలన్ చంపేస్తాడు. అలా చచ్చిపోయినప్పుడల్లా రామనారాయణకు ఆ పూట అన్నం సయించేది కాదు.

సీడీలొచ్చాక, ఫోన్లొచ్చాక పాత సినిమాలు మళ్ళీ చూశాడు. తియ్యన్న కుడిచేత్తో కొడుతున్నాడు. రామనారాయణ రవ్వంతైనా కంగారు పడలేదు.

"దొంగ సీడీలురా ఇయ్యి. కేసులు పడకుండా బొమ్మను తిప్పి ఎక్కిస్తారు" అని శిష్యులకు తేల్చి చెప్పాడు. అలా తిప్పి పెట్టేవాళ్ళు నిజంగానే ఉన్నారు కాబట్టి ఎవరూ అడ్డం మాట్లాడలేదు.

ఈ ఏడు తియ్యన్నకు డెబ్బై ఐదు నిండాయి. ఆయన మనవరాలు నడిపే ఛానల్లో, అభిమానులు శుభాకాంక్షలు పంపితే తాతకు చూపిస్తానని పెట్టింది. ఆ సంగతి తెచ్చింది అశ్విత. రామనారాయణ తమ్ముడి కూతురు, ఆత్మకూరులో డిగ్రీ చదువుతోంది. ఉదయగిరి పిల్లల్లో పుట్టుకతోనే ఎడమచేతి వాటం ఉన్నది ఆ పిల్ల ఒక్కతికే.

క్లాసు పిల్లలందరినీ తెల్లబట్టల్లో వరసగా నిలబెట్టారు. వెనక కొండ, కోట గోడలు. ముందు రామనారాయణ. తియ్యన్న సినిమాల్లో కొట్లాటకు ముందు పెట్టే దండం, పిడికిలిని అరచేత్తో కప్పి తలవంచే దండం, అందరూ ఒక్కసారి పెట్టారు. ఎడమ పిడికిలి, కుడి అరచెయ్యి. ఆ వెంటనే గాల్లోకి ఎడమచేతి గుద్దులు గుద్ది చూపించారు. వీడియో అశ్విత పంపించింది.

మర్నాడు పొద్దున ఆ పిల్ల ఫోను పట్టుకుని మెల్లగా వచ్చింది.

"పెదనాయనా, మన వీడియో ఛానల్లో పెట్టినారు. కింద ఎవురెవురో ఏందేందో రాస్తా ఉండారు."

"మెచ్చుకుంటా ఉండారా?"

"ఎవురు పోయినారు అని అడగతా ఉండారు."

రామనారాయణకు అర్థం కాలేదు. అశ్విత ఫోన్లోనే తర్జుమా చేసి ఒక్కొక్కటే చదివింది. మంచికి పెట్టే దండానికి కుడి పిడికిలి, పైన ఎడమ అరచెయ్యి. చెయ్యి మార్చి పెడితే అది చావింట్లో, శవం ముందర పెట్టే దండం. పుట్టినరోజు పూట, బతికున్న పెద్దాయనకు, పిల్లాజెల్లాతో సహా వరసగా నిలబడి ఆ దండం పెడతారా అని ఒకడు తిట్టిపోశాడు. వాటి కింద మనవరాలు రాసిన ముక్క ఒకటుంది. తాతకు ఊపిరాడక నిన్న ఆస్పత్రిలో చేర్చామని.

రామనారాయణ మొహంలో నెత్తురు లేదు. "అంటే… మనం పెట్టిన రోజేనా?"

అశ్విత ఫోను తిప్పి తేదీ చూపించింది.

అతను చొక్కా వేసుకుని ఆత్మకూరు బస్సెక్కాడు. మురళీకృష్ణకు బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల కొట్టుంది. గిరాకీ ఉందో లేదో చూసుకోకుండా లోపలికి పోయి నిలబడ్డాడు.

"ఒరే మురళీ, మీ నాయన డేరాలో తియ్యన్న ఏ చేత్తో కొట్టేవాడు రా?"

"ఏంది రా పొద్దన్నే! కుడిచేత్తో."

"నేను చూసినానే. ఎడమచేత్తో."

మురళీకృష్ణ చేతిలో ఉన్న గిన్నె పక్కన పెట్టి, స్నేహితుణ్ణి ఎగాదిగా చూశాడు. "నువ్వు యాడ కూర్చుని చూసినావు?"

"తెర వెనక. మీ నాయన్నడిగి నువ్వే గదా కూర్చోబెట్టింది."

"మరి తెర వెనక నుంచి చూస్తే పుర్రచెయ్యి గాక ఏంది రా కనపడేది, పిచ్చోడా! అద్దంలో చూసుకున్నట్టే గదా!" మురళీకృష్ణ బిందెలు మోగేట్టు నవ్వాడు. "ఓరి నీ పాసుగాల! ఊరందరికీ తిరగేసి నేర్పించినావా ఇన్నేళ్ళూ?"

రామనారాయణ నవ్వలేదు. స్టూలు మీద కూలబడి జరిగింది చెప్పాడు. మురళీకృష్ణ నవ్వు ఆగిపోయింది.

"ఆస్పత్రిలో మంచాన పడుకొని చూసుంటాడ్రా. యాడో దేశంగాని దేశంలో నన్ను పాడె ఎక్కిస్తా ఉండారే అనుకోనుంటాడు. ఆ మనిషిని చూసే గదరా నేను మనిషినైంది."

"దండం పెడితే ఎవురన్నా చస్తార్రా? తెలీక పెట్టినావు. తెలీదని చెప్పు. అంతే గదా." మురళీకృష్ణ టీ తెప్పించాడు. రామనారాయణ తాగలేదు.

ఇంటికొచ్చి అశ్విత చేత ఫోను పట్టించాడు. క్షమాపణ చెప్పుకోవాలి. తెలుగులోనే చెబుతాడు, కింద చైనా అక్షరాలు ఆ పిల్ల ఎక్కిస్తుంది. "అయ్యా, నాకు చెడుబుద్ధి లేదు. చిన్నప్పుడు మా నాయనకు భయపడి తెర వెనక కూర్చుని మీ సినిమాలు చూసినాను. అందుకని నాకు మీరు తిరగబడి కనపడినారు. కుడీ ఎడమా తెలీని దద్దమ్మని. మీరు నూరేళ్ళు ఉండాల" అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. చివర్లో సరైన దండం పెట్టబోతే చేతులు మాట వినలేదు. అలవాటుగా ఎడమ పిడికిలే బిగుసుకుంటోంది.

"పెదనాయనా, మళ్ళీ చావు దండమే!" అని అశ్విత అరిచేది. మళ్ళీ మొదట్నుంచి. ఆఖరుకు ఆ పిల్లే ఎదురుగా నిలబడి తన చేతులు పెట్టి చూపిస్తే, దాన్ని చూసి పెట్టాడు. అదీ తిరగబడింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి చేస్తే అంతేగదా. చివరికి పక్కన నిలబెట్టుకుని పెట్టాడు.

జవాబు రాలేదు. కొండ కింద క్లాసు ఆపేశాడు. చేలో దిగితే కలుపు వదిలేసి మొక్కలు పీకాడు. పళ్ళెం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతుంటే అతని తల్లి కామాక్షమ్మకు ఒళ్ళు మండింది.

"మీ నాయన పోయినప్పుడు గూడా ఇంత ఏడవలా నువ్వు. ఎవురో చైనావోడికోసం తిండి మానేస్తివి!"

"ఎవురో కాదమా."

"ఎవురో గాకపోతే వాడికి ఫోన్జేసి చెప్పు, మా అమ్మ తిట్టతా ఉండాదని."

జవాబు వచ్చిన పూట ఎండ బాగా కాస్తోంది. అశ్విత కాలేజీ బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తుకొచ్చింది. "పెదనాయనా! తియ్యన్న! ఆయనే! ఆయనే మాట్లాడినాడు!"

రామనారాయణ ఫోను అందుకోలేదు. "ముందు చెప్పు. కోపంగా ఉండాడా?"

"నువ్వే చూడు."

ఫోన్లో ఒక ముసలాయన. ఆస్పత్రి మంచం కాదు, ఇంట్లో పడక్కుర్చీ. గడ్డం లేదు. వేషం లేని తియ్యన్నను రామనారాయణ అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆయన ఏదో అనబోయి నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక మళ్ళీ నవ్వాడు. మాట్లాడుతుంటే కింద ఇంగ్లీషు అక్షరాలు నడుస్తున్నాయి. అశ్విత వాటిని తెలుగులో చెప్పుకుంటూ పోయింది.

"మీ మొదటి వీడియో చూసినప్పుడు నాకు కోపం రాలా అంటా ఉండాడు. ఆశ్చర్యం వచ్చిందంట. నేను పుట్టుకతో ఎడమచేతోణ్ణి అంటా ఉండాడు పెదనాయనా!"

కామాక్షమ్మ గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"నాటకాల బడిలో వరసలో ఒకడు ఎడమచేత్తో చేస్తే అందరి కత్తులూ ఒకదానికొకటి తగులుకుంటాయంట. అందుకని గురువు ఈయన ఎడమచేతిని గుడ్డతో నడుముకు కట్టేసేవాడంట. అన్నం తినేటప్పుడు గూడా. కుడిచెయ్యి వచ్చిందాకా విప్పలేదంట. సినిమాలన్నీ ఆ కుడిచేత్తోనే చేసినాడంట. జనం చప్పట్లు కొడతా ఉంటే, వాళ్ళు మెచ్చుకొనేది నన్ను కాదు, ఆ గుడ్డ కట్టినాయన్ని అనిపించేదంట."

అశ్విత ఆ తర్వాతి మాటలు ఆయన అన్నవి అన్నట్టే చదివింది.

"నా ఎడమచెయ్యి కొడితే ఎట్టా ఉంటుందో నేనే ఎప్పుడూ చూసుకోలా. మీ పిల్లోళ్ళు చేస్తా ఉంటే చూసినాను. ముందర కూర్చున్నోళ్ళందరికీ గురువు చేసిన మనిషి కనపడినాడు. తెర వెనక కూర్చున్న నీకు ఒక్కడికే నేను కనపడినాను."

ఫోన్లో ముసలాయన కుర్చీలో కొద్దిగా ముందుకు జరిగాడు. ఎడమ పిడికిలి బిగించి, గాల్లోకి ఒక్క గుద్దు గుద్దాడు. భుజం నొప్పి పుట్టినట్టుంది, మొహం చిట్లించి మళ్ళీ నవ్వాడు. ఆ తర్వాత వేలు చూపిస్తూ ఏదో గట్టిగా అన్నాడు.

"ఏమన్నాడు? ఏమన్నాడు మే?"

"పద్ధతి మార్చొద్దు అన్నాడు. దండం మాత్రం మార్చుకోండి, నేనింకా చావలా అన్నాడు."

రామనారాయణ గుండెల్లోంచి ఎన్నాళ్ళగానో ఆగిన ఊపిరి ఒక్కసారి బయటికొచ్చింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలీలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత మురళీకృష్ణకు ఫోన్ చేసి, "చావలేదంట రా!" అని మాత్రం అని పెట్టేశాడు. అటువైపు మురళీకృష్ణ బిందెలు మోగేట్టు నవ్వే ఉంటాడు.

"అమా, ఆకలయితా ఉండాది" అన్నాడు.

"ఇప్పుడు అవదా మరి!" అంటూ కామాక్షమ్మ లోపలికి పోయింది. పొద్దుట వండిన సద్దసంగటి, గోంగూర పచ్చడి తెచ్చి కొడుకు ముందు పెట్టింది. అతను ముద్ద మీద ముద్ద మింగుతుంటే చూస్తూ కొంచెంసేపు కూర్చుంది. అశ్విత చిన్నప్పుడు ఎడమచెయ్యి పళ్ళెంలో పెడితే చెక్క గరిటె కాడతో ఆ వేళ్ళమీద కొట్టింది ఆమే.

లేచి, ఇంకో ముద్ద చేసి మనవరాలి ముందుకు చాపింది. అశ్విత అలవాటుగా కుడిచెయ్యి చాపింది.

"ఏ చేత్తో కావాల్నో ఆ చేత్తో తీసుకో మే" అంది కామాక్షమ్మ, వేరే ఎటో చూస్తూ. "ఆ ముసలాయన అన్నం తినేదానిగ్గూడా చెయ్యి కట్టేసినారంట గదా. ఏం మనుషులో ఏమో."

మర్నాడు పొద్దున కొండ కింద పిల్లలు మళ్ళీ వరసగా నిలబడ్డారు. కుడి పిడికిలి, ఎడమ అరచెయ్యి. సగంమంది తప్పు పెట్టారు. అందరికంటే ముందు తప్పు పెట్టింది మాస్టరే.