హ్యాండ్‌బ్యాగ్ సోదా

ఆఫీసు నుంచి రాగానే నేను చేసే మొదటి పని టిఫిన్ డబ్బా కడగడం. మా ఆయన చేసే మొదటి పని, ఆ డబ్బా తీసిచ్చే వంకతో నా హ్యాండ్‌బ్యాగ్ అంతా గాలించడం. కొత్తలో అది నాకు ముద్దుగానే ఉండేది, నన్ను చూసి నవ్వకండి. డబ్బా తీసి సింకు దగ్గర పెట్టే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని స్నేహితురాళ్ళ దగ్గర గొప్పలు కూడా పోయాను. డబ్బా ఎప్పుడూ పైనే ఉంటుందనీ, దానికోసం అడుగున ఉన్న దువ్వెన దాకా, తలనొప్పి మాత్రల దాకా, రుమాలు మడతల దాకా వెళ్ళక్కర్లేదనీ నాకు తట్టేసరికి అది ఇంటి పద్ధతి అయి కూర్చుంది. పదకొండేళ్ళు. నేను స్టవ్ వెలిగిస్తుంటే హాల్లోంచి జిప్పు చప్పుడు వినిపిస్తుంది. తప్పేమీ చేయకపోయినా ఆ చప్పుడుకి ఇప్పటికీ బ్యాగులో ఏమేం ఉన్నాయో మనసులో లెక్కపెట్టుకుంటాను.

ఒక్కసారి మాత్రం దొరికింది. సినిమా టికెట్టు ముక్క. ఆఫీసులో ఆడవాళ్ళం నలుగురం సగంరోజు సెలవు పెట్టి మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. ఇంట్లో చెప్పలేదు, చెబితే వెళ్ళనివ్వరు కనుక. ఆయన ఆ ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "చూశావా? నేను చూడబట్టే కదా బయటపడింది" అన్నాడు. అత్తయ్య టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే, "దాచుకునేదేం లేకపోతే వాడు చూస్తే నీకేం పోయిందే అమ్మాయ్" అంది. ఆ రెండు మాటలకీ నా దగ్గర జవాబు లేదు. దొరికింది కదా మరి! నాలుగేళ్ళుగా ఆ జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను, అంట్లు తోముతూ, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి, ఆయన గురక పెడుతుంటే గోడవైపు తిరిగి. ఒక్కోసారి మంచి జవాబు తట్టినట్టే ఉండేది, ఆయన ముఖం చూడగానే ఎగిరిపోయేది.

నేను కోర్టులో స్టెనోగ్రాఫర్‌ని. జడ్జిగారు తీర్పు చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని తరవాత టైపు చేస్తాను. ఈ పనిలో ఉన్న నియమమల్లా ఒకటే, మాట మనది కాదు. ఒక ముక్క కలపకూడదు, ఒక ముక్క తియ్యకూడదు, చెప్పేవారిని మధ్యలో ఆపకూడదు. పద్నాలుగేళ్ళలో నేను ఎవరినీ ఆపింది లేదు. ఇంట్లో ఇంత బాగా నోరు మూసుకోవడం నాకు ఆ ఉద్యోగమే నేర్పిందేమోనని కూడా అనుమానం.

ఈరోజు వచ్చిన కేసు ఇంట్లోనే బట్టలు కుట్టుకునే ఒకావిడది. వాళ్ళ వీధిలో ప్రభుత్వాన్ని తప్పుబడుతూ ఎవరో సభ పెట్టారట. మర్నాడు అధికారులు ఏ ఉత్తర్వూ లేకుండా ఆవిడ ఇంట్లో జొరబడి, బీరువా బోర్లించి, లోబట్టలతో సహా నేలమీద పరిచి, ఆవిడ కొలతల పుస్తకం పట్టుకుపోయారు. అందులో ఉన్నవి ఛాతీ, నడుము, భుజాల అంకెలు, మధ్యమధ్య ఆవిడ సొంత గుర్తులు. అదేదో రహస్య భాష అన్నారు. ప్రభుత్వ వకీలు లేచి, దాచడానికేమీ లేని మనిషికి అభ్యంతరం దేనికన్నాడు. పైగా బీరువాలో సభ కరపత్రం ఒకటి దొరికింది కాబట్టి సోదా సబబేనన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్తయ్య, మా ఆయన కలిసి నల్లకోటు వేసుకొచ్చి మాట్లాడినట్టుంది.

జడ్జిగారు అక్కడికక్కడే, అందరి ముందూ తీర్పు చెప్పడం మొదలుపెట్టారు. "రాజ్యాంగం ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది, ఆ చేత్తోనే హద్దూ గీసింది. కారణం గడప దాటకముందే ఉండాలి, రాతలో ఉండాలి. లోపల ఏదో దొరికింది కనుక లోపలికి రావడం న్యాయమే అనడానికి వీల్లేదు. దాచుకోవడానికి ఏమీ లేని మనిషికి కూడా తలుపు వేసుకునే హక్కుంది."

నా పెన్సిల్ ఆగిపోయింది.

"సార్, ఆఖరి రెండు వాక్యాలు ఇంకోసారి" అన్నాను. గుమస్తా తలెత్తి నావైపు వింతగా చూశాడు. నాకు అందలేదనుకుని జడ్జిగారు నిదానంగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. అందకేం, మొదటిసారే అందింది. మళ్ళీ వినాలనిపించింది, అంతే.

తీర్పు రేపు పదింటికల్లా టైపు చేసివ్వాలి. అందుకని నోటుబుక్కు ఇంటికి తెచ్చుకున్నాను. స్టవ్ మీద టీ మరుగుతుండగా జిప్పు చప్పుడైంది, తరవాత పేజీలు తిప్పుతున్న చప్పుడు. చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళాను.

"ఏంటీ కోడిగీతలు? ఇదెప్పుడూ ఆఫీసులోనే వదిలేసి వస్తావుగా?" అన్నాడు, నోటుబుక్కు తిరగేస్తూ.

"తీర్పండీ. రేపటికి ఇవ్వాలి. ఇలా ఇవ్వండి."

"చదువు. ఏం రాశావో చదివాకే కదులు."

అత్తయ్య టీవీ గొంతు తగ్గించింది. నేను సోఫా అంచున కూర్చుని చదవడం మొదలుపెట్టాను. బీరువా దగ్గరికి వచ్చేసరికి ఆయన, "గుడ్డలు కుట్టుకునేదానికి కూడా కోర్టులేనా" అని నవ్వాడు. వకీలు మాటలకి అత్తయ్య తలూపి, "ఆ మాట నిజమే, చూస్తే ఆవిడకేం పోయింది?" అంది. నేను ఆగలేదు. గడప గురించి చదివాను. దొరికిన కరపత్రం గురించి చదివాను. తలుపు గురించి చదివాను. టీ పొంగిన వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

"ఆమె పుస్తకాన్ని రేపు సాయంత్రంలోగా, తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి ఇవ్వాలి" అని ముగించాను. జడ్జిగారు అక్కడితో ఆపేశారు. దాని కింద పేజీ అంతా ఖాళీ. నేను పుస్తకం మూయలేదు. ఆ ఖాళీ గీతల మీదే కళ్ళు పెట్టి, అదే గొంతుతో చదివాను.

"ఇకమీదట ఈ ఇంట్లో ఆమె సంచి జిప్పు ఆమె తప్ప ఎవరూ తీయకూడదు. ఏం దొరికింది, ఏం దొరకలేదు అన్న మాటే లేదు. తన డబ్బా తనే తీసుకుంటుంది."

ఆయన నా చేతిలోంచి నోటుబుక్కు లాక్కుని చూశాడు. రాసింది ఎక్కడిదాకానో, ఖాళీ ఎక్కడినుంచో ఆయనకీ కనిపించింది.

"ఈ ఆఖరి ముక్క జడ్జిగారు చెప్పిందేనా?" అన్నాడు.

"కాదు," అన్నాను, నోటుబుక్కు కోసం చెయ్యి చాపి. "అది నేను చెప్పింది."