పైన గ్యాస్, కింద కరెంటు

"మొత్తం గ్యాస్‌దే ఇచ్చేయండి. మా ఆవిడకి అలవాటేలెండి" అన్నాడు కర్టిస్ స్టవ్‌ల షాపతనితో. ఆ ఆవిడ నేనే, పక్కనే నిలబడి ఉన్నాను. షాపతను కూడా ఇందాకటి నుంచీ ఏ పొయ్యికి ఎంత మంట వస్తుందో నా మొగుడికే తిప్పి చూపిస్తున్నాడు.

కర్టిస్ వంట చేస్తాడు. మా లఫయెట్ ఊళ్ళో గంబో పులుసు వండని మగాడు ఉండడు. చలిగాలి మొదలవగానే చుట్టాలందరినీ పిలుస్తాడు. వండటమంటే, నూనెలో పిండి చాక్లెట్ రంగు తిరిగేదాకా కలుపుతూ నిలబడటం. గరిటె ఆపితే మాడిపోతుంది కనక అయ్యగారు అక్కణ్ణుంచి కదలరు. ఉల్లిపాయలు, సెలరీ కాడలు, క్యాప్సికం తరిగేది నేను. కోడిని ఉడికించి ఎముకలు తీసేది నేను. చేతికి బీరు అందించేదీ నేనే. చివర్లో ఆ గుండిగ ఎవరు తోముతారో చెప్పక్కర్లేదు. "కర్టిస్ గంబో అంటే గంబోనే!" అని లొట్టలేస్తారు అందరూ.

అతను గరిటె తిప్పుతున్నప్పుడే అతని కాళ్ళ దగ్గర, ఓవెన్‌లో, నా కస్టర్డ్ పైలు, అంటే పాలూ గుడ్లూ పోసి కాల్చే తీపి రొట్టెలు, ఉంటాయి. మా గ్యాస్ ఓవెన్‌కి ఎడమవైపు మూల వేడెక్కువ. పళ్ళేలు మధ్యలో తిప్పకపోతే అటువైపు మాడిపోతాయి. "కాస్త జరుగు" అంటే, "ఇప్పుడా? నా పిండి మాడిపోదూ!" అంటాడు. తన పిండి మాడకూడదు, నా పైలు మాడొచ్చు. తర్వాత మా అత్తగారు మిస్ వెర్నా నల్లబడ్డ అంచుని ఫోర్కుతో పక్కకి నెట్టి, "మా ఒడీల్ చేతికి పైలు కుదరవమ్మా, కొందరి చేతులంతే" అంటుంది. ఇన్నేళ్ళూ నేనూ అదే నమ్మి సిగ్గుతో చచ్చాను. మొన్న మా చెల్లెలు మార్గో ఇంట్లో, కరెంటు ఓవెన్‌లో అవే పైలు పెట్టి, కబుర్లలో పడి తిప్పడమే మరిచిపోయాను. తీసి చూస్తే చుట్టూతా ఒకే బంగారు రంగు! ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. నా చేతికి ఏ రోగమూ లేదు.

"ఆ పక్కది చూపించండి, పైన గ్యాస్, కింద కరెంటు ఓవెన్ ఉన్నది" అన్నాను.

"దానికి వేరే లావుపాటి వైరు లాగించాలట. ఎందుకొచ్చిన గోల? గంబోకి మంట కావాలి కదా!" అన్నాడు కర్టిస్.

"పైన మంటే. నీ గరిటెకొచ్చిన లోటేం లేదు."

"మరి గ్యాస్ ఓవెన్‌కేమొచ్చింది? అలవాటైపోయిందిగా నీకు!"

"నాకు కాదు కర్టిస్, మీ అందరికీ అలవాటైంది. నీ కాళ్ళ దగ్గర నేను వంగి తిప్పుకోవడం, మాడితే నన్ననడం."

షాపతను దగ్గాడు. కర్టిస్ చెవులు ఎర్రబడ్డాయి. షోరూమ్‌లో అంత గట్టిగా మాట్లాడినందుకు నాకు సిగ్గేయలేదు సరికదా, హాయిగా ఉంది. షాపతను ఈసారి నావైపు తిరిగి ఓవెన్ తలుపు తెరిచాడు.

"సరేలే, అదే తీసుకో" అని గొణిగాడు కర్టిస్. "వైరు లాగేవాడు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎప్పుడొస్తాడో తెలీదట. నువ్వు ఇంట్లో ఉండాలి మరి."

"వాణ్ణి నువ్వే పిలిపించు, నువ్వే ఇంట్లో ఉండు" అన్నాను. "ఆ రోజు నేనూ మార్గో సముద్రానికి వెళ్తున్నాం."