ఇరవై ఏడో నంబరు బిళ్ళ

నాలుగేళ్ళుగా నాకు ఒకటే కల. కోల్డ్ స్టోరేజి తలుపు మూసి ఉంటుంది. లోపల నుంచి నా భార్య తలుపు కొడుతుంటుంది. బయట గొళ్ళెం నవ్వుతూ నిలబడి ఉంటాడు. అరుద్దామంటే నాకు గొంతు రాదు. లేచి కూర్చుంటాను. ఇక తెల్లారేదాకా రెప్ప పడదు.

గొళ్ళెం అంటే నేనూ నా భార్యా పనిచేసిన ఆ కోల్డ్ స్టోరేజి కాపలాదారు. తలుపులు వేసే పని కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్ళం. అమ్మోనియా గ్యాసు లీకైన సాయంత్రం ఆ తలుపు మూసింది అతనే. నా భార్య లోపలే పోయింది. లోపల మనిషి ఉందో లేదో చూడకుండా మూశాడని విచారణలో నేనే చెప్పాను. అతని ఉద్యోగం ఊడింది. అది చాలదనుకున్నాను.

అమ్మాయి పోరు పడలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మాత్రలిస్తుందనుకుంటే నోటుబుక్కు ఇచ్చింది.

"కలంతా రాయండి. తర్వాత మీకు కావలసినట్టు మార్చి రాయండి. మార్చినదాన్ని రోజూ పగటిపూట రెండుసార్లు చదువుతూ కళ్ళ ముందు తెచ్చుకోండి."

"కలకి దిద్దుబాటా? మా ఊరి బడిలో పంతులుగారు తప్పు చేస్తే వందసార్లు రాయించేవారు. అయినా నాకు లెక్కలు రాలేదు."

"నిద్ర వస్తుందేమో చూద్దాం."

రాశాను. అమ్మాయి భుజం మీదుగా తొంగిచూసింది.

"నాన్నా, ఇది కలా, తిట్ల దండకమా?"

"నీ పని చూసుకో."

మార్చిన కలలో గొళ్ళెం తలుపు తీస్తాడు, ఆమె బయటికొస్తుంది. మూడు వారాలు చదివాను. కల మారలేదు. వాడి నవ్వు మాత్రం పెద్దదైంది.

డాక్టరమ్మ నోటుబుక్కు తిరగేసింది. "మీరు ఎప్పుడూ తలుపు దగ్గరే మొదలుపెడుతున్నారు. దానికి ముందు ఏముంది? లోపల ఎవరున్నారో బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

చెప్పాను. లోపలికి వెళ్ళేవాళ్ళు తలుపు పక్కన బోర్డుకి తమ నంబరు ఇత్తడి బిళ్ళ తగిలిస్తారు. బయటికొచ్చి తీసుకుంటారు. ప్రమాదం గంట మోగితే కాపలాదారు బోర్డు చూస్తాడు. ఖాళీగా ఉంటే గ్యాసు బయటికి రాకుండా తలుపు మూసేస్తాడు.

"ఆ రోజు బోర్డు మీద ఎన్ని బిళ్ళలున్నాయి?"

"ఏమీ లేవు."

"మరి ఆవిడది?"

"నా జేబులో."

నా నోరే అంది ఆ మాట. నేను అనలేదు.

సాయంత్రం బిళ్ళలు ఆఫీసులో అప్పగించడానికి పెద్ద వరస ఉండేది. ఆమె కొళాయి దగ్గర చేతులు కడుక్కునేలోపు నేను మిషన్ల గది నుంచి వస్తూ ఆమె బిళ్ళ కూడా తీసుకుని వరసలో నిలబడేవాణ్ణి. ఆమె తిన్నగా ఇంటికి వెళ్ళేది. పదకొండేళ్ళు అలాగే జరిగింది. ఆ రోజు ఆమె కొళాయి దగ్గర ఉందో లేదో చూడలేదు. వరసలో నా వంతు రాకముందే గంట మోగింది.

ఇంటికొచ్చాను. గోడ మీద ఆమె ఫొటో. దాని మేకుకే ఇరవై ఏడో నంబరు బిళ్ళ. అమ్మ గుర్తని అమ్మాయే తగిలించింది. నాలుగేళ్ళు రోజూ చూశాను. లోపలున్న మనిషి బిళ్ళ ఇంట్లోకి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మేకు నుంచి బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాను.

మర్నాడు గొళ్ళేన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. రోడ్డు పక్కన సైకిళ్ళకి పంచరు వేస్తున్నాడు. బిళ్ళ అతని ముందు పెట్టాను. నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నవాడు తలెత్తలేదు.

"తెలుసు బావా. నువ్వు తీసుకోవడం చూశాను. రోజూ చూసేవాణ్ణేగా. చెల్లెమ్మ వెళ్ళిపోయిందనుకున్నా."



"తెలిసి విచారణలో నోరు మూసుకున్నావా?"

"చెబితే నీ పిల్ల నీ మొహం చూసేదా? తల్లి పోయింది, తండ్రి కూడా పోవాలా?"

"నేను నీ కూడు తీశానురా!"

"తీశావు." ట్యూబు తుడిచాడు. "నేను మాత్రం ఏం పుణ్యాత్ముణ్ణి? తలుపు మూసేముందు ఒక్క కేక వెయ్యాల్సింది. వెయ్యలేదు. మంచం మీద పడుకుని నాలుగేళ్ళయింది. ఇదిగో, ఈ స్టూలు మీదే కునుకు."

అతన్ని క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేసేలా ఉన్నాడు. డాక్టరమ్మ అడ్రసు రాసిన చీటీ మాత్రం పంచరు డబ్బా మీద పెట్టి వచ్చాను.

కల మళ్ళీ రాశాను. ఇందులో గొళ్ళెం నవ్వడు. నేను నా బిళ్ళ ఒక్కటే తీసుకుంటాను. ఇరవై ఏడు బోర్డుకే ఉంటుంది. అతను చూసి ఆగుతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, ఆమె తుమ్ముకుంటూ బయటికొస్తుంది.

అయిదో రోజు నాలుగు గంటలు నిద్రపోయాను. లేచేసరికి అమ్మాయి మంచం పక్కన నిలబడి ఉంది.

"నాన్నా! నిద్రపోయావు!" దాని కళ్ళు మెరుస్తున్నాయి. "అమ్మ ఫొటో దగ్గర బిళ్ళేదీ? ఎవరు తీశారు?"

"కూర్చో," అన్నాను.