మంచుపెట్టెలో అన్న జీన్సు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే మేస్త్రి ముందు చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకునేవాడు. పాత జీన్సులకు వయసు కట్టడం అతని పని. తడి చేత్తో వాటిని ముట్టుకోడు. బల్ల మీద పరిచి, కాలిమడత తిప్పి గొలుసు కుట్టేనా అని చూసేవాడు. పక్క కుట్టు లోపల ఎర్రదారం అంచు ఉందా, గుండీ వెనక ఏ నంబరు కొట్టారు, జేబు మూలల్లో రివెట్లు అసలు రాగివేనా అని చూసేవాడు. ఇవన్నీ అయ్యాక మోకాలి దగ్గర అరచెయ్యి ఆనించేవాడు. తొడిగిన మనిషి బతికుంటే గుడ్డ వెచ్చగా ఉంటుంది. పోతే చల్లబడుతుంది.

పాత జీన్సులు సేకరించేవాళ్లు వెచ్చటివాటిని కొనరు. మనిషి ఉన్నన్నాళ్లూ బీరువాలో దాచినా ఆ మోకాళ్లు వెలుస్తూనే ఉంటాయి. ఇంకా అరుగుతున్నదానికి వయసు కట్టి చీటీ ఎలా రాస్తారు?

మేస్త్రి చీటీ అంటే ఆ వీధిలో తిరుగులేదు. ఆ పేరే అతన్ని పాడుచేసింది.

ప్రదర్శన పెట్టబోతున్న ఒక ఆసామి ఊళ్లో దిగి, కొట్లో ఉన్నవన్నీ తిరగేసి పెదవి విరిచాడు. "అందరివాటికీ వయసులు కట్టావు సరే, నీ దగ్గర చెప్పుకోదగ్గది ఒక్కటైనా ఉందా మేస్త్రీ? ఉంటే అద్దాల పెట్టెలో పెట్టి కింద నీ పేరు వేయిస్తా. సాయంత్రం బండికి వెళ్లిపోతున్నా."

ఉంది. అది అతని అన్నయ్యది. వెనకజేబుల లోపల రివెట్లు కనిపించకుండా కొట్టిన రోజుల నాటిది. అన్న కుర్రతనంలో ఇనుప ఫౌండ్రీలో తొడిగాడు. తొడల మీద నిప్పురవ్వలు కాల్చిన చుక్కలు ఇంకా ఉన్నాయి. ఊపిరితిత్తులు చెడి ఇప్పుడు కొట్టు వెనకగదిలో మంచం పట్టాడు. "నేను పోయాక అమ్ముకోరా," అని నవ్వేవాడు. "ఈలోగా నా మోకాళ్లని హాయిగా అరగనియ్యి."

మేస్త్రి దాన్ని చంకన పెట్టుకుని చేపల కొట్టుకు నడిచాడు.

"పాంటుని చేపల పక్కన పెడతావేంటి మేస్త్రీ? రెండూ కలిపి వండుకుంటావా?" అన్నాడు చేపలతను.

"గంటసేపే," అని మంచుపెట్టె మూత తనే వేశాడు.

ఆ గంటలో వదిన రెండుసార్లు మేస్త్రి కొట్లోకి వచ్చింది. "మీ అన్న కాళ్లు చల్లబడుతున్నాయయ్యా. వేడినీళ్ల సంచి ఎక్కడ పెట్టావు?"

"గోడవారన చూడు వదినా," అన్నాడు తల ఎత్తకుండా. ఆ కాళ్లు ఎందుకు చల్లబడుతున్నాయో అతనికి తెలియక కాదు. బయటికి తీస్తే మళ్లీ వేడెక్కుతుందిలే అనుకున్నాడు. ఇన్నేళ్లూ ఇన్ని జీన్సులు తడిమినవాడు, చల్లబడింది తిరిగి వెచ్చబడటం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి గుర్తుచేసుకోవడం అతనికి ఇష్టంలేకపోయింది.

ఆసామి వచ్చి, మేస్త్రి తెచ్చి పరిచిన జీన్సుకు చెయ్యి ఆనించాడు. "అబ్బ, బాగా చల్లారింది. ఎవరిది?"

"మా అన్నది."

"పోయి ఎన్నాళ్లయింది?"

"అయిదేళ్లు," అంటూ చీటీలో అదే రాసి నడుము పట్టీకి కట్టాడు.

వెనకగదిలోంచి దగ్గు వినిపించింది. "ఎవరది?" అన్నాడు ఆసామి.

"అద్దెకున్నవాళ్లు."

ఆసామి జీన్సు తీసుకుని వెళ్లిన కాసేపటికి దగ్గు ఆగింది. ఎప్పుడు ఆగుతుందా అని ఇన్నేళ్లు విసుక్కున్న దగ్గు అది. మేస్త్రి చెప్పులు కూడా వేసుకోకుండా ఆసామి దిగిన లాడ్జికి పరిగెత్తాడు.

"అబద్ధం చెప్పాను సార్. మా అన్న బతికే ఉన్నాడు. ఇచ్చెయ్యండి."

ఆసామి గుడ్డని మరోసారి తడిమాడు. "ఇది అలా అనడంలేదే," అన్నాడు. అయినా మారుమాట లేకుండా ఇచ్చేశాడు.

దాన్ని చొక్కా లోపల గుండెకి అదుముకుని మేస్త్రి ఇంటికి వచ్చాడు. దారి పొడుగునా తడి పొట్ట మీదికి కారుతూనే ఉంది. గుడ్డ మాత్రం వెచ్చబడలేదు.

వదిన మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడవడంలేదు. అతని చేతుల్లోంచి జీన్సు తీసుకుని భర్త కాళ్ల మీద పరిచి అంచులు సర్దింది. అప్పుడు చీటీ కనిపించింది. చదివింది.

"అయిదేళ్లా?"

మేస్త్రి వంగి చీటీ ముడి విప్పబోయాడు.

"దిద్దు మరిదీ. ఇవాళ్టి తేదీ వెయ్యి. నీ చీటీలో తప్పు ఉండకూడదు కదా."

కలం ఆమే అందించింది. అతను పాతది కొట్టేసి కొత్త తేదీ వేశాడు. రోజూ రాసే చెయ్యి, ఎప్పటిలాగే గుండ్రంగా రాసింది.