దక్షిణం గుమ్మంలో లెక్కల మిషన్

కొవ్వూరు దాటాక కాలవగట్టు పక్కనున్న ఆ విశ్వవిద్యాలయంలో లైబ్రరీకి రెండు గుమ్మాలు. దక్షిణం వైపు మెట్లూ, స్తంభాలూ, ప్రారంభోత్సవం చేసిన మంత్రిగారి పేరు చెక్కిన నల్లరాయీ ఉన్నది సింహద్వారం. తూర్పున సైకిల్ స్టాండ్ పక్కనున్నది మామూలు తలుపు. భవనం కట్టిన ఏడాదే అప్పటి వీసీగారికి గుండెనొప్పి వచ్చింది. ఓ సిద్ధాంతిగారొచ్చి చుట్టూ తిరిగి చూసి, "యముడి దిక్కున గుమ్మం పెట్టుకుని సరస్వతిని రమ్మంటే ఎలా వస్తుందండీ?" అన్నారు. మర్నాటికల్లా సింహద్వారానికి తాళం పడింది. వీసీగారి గుండెనొప్పికి కారణం ఆ గుమ్మమా, ఆయన రోజూ తినే వేపుళ్ళా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

వీసీలు మారారు గాని తాళం మారలేదు. ఈ సంగతి ఏ కాగితం మీదా లేదు. సర్కారు ఫైల్లో వాస్తు అని ఎవరు రాస్తారు? రాసి లేదు కాబట్టే, వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టే మిషన్ బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు నక్షా చూసుకుని, ప్రధాన ద్వారం ఎక్కడుందో అక్కడే బిగించి పోయారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పొద్దున్నే మెట్లు కడగడానికి అటు తాళం తీసే అబ్బులూ, అతని వెనకాలే దూరే పిల్లీ తప్ప ఆ మిషన్ కంటికి ఆనిన పాఠకులు లేరు.

లైబ్రేరియన్ ప్రసన్నలక్ష్మి దీన్ని చూసి మొదట్లో నవ్వుకుంది. తర్వాత మర్చిపోయింది. మిషన్ అంకెలు దానంతటదే పరిపాలనా భవనంలోని కంప్యూటర్‌కి పంపుకుంటుంది. వాటిని ఎవరు చూడొచ్చారులే అనుకుంది. చూసే రోజు వచ్చింది.

ఖర్చు తగ్గించాలి, ఏ విభాగంలో ఎంతమంది ఉండాలో తేల్చాలి అని కొత్తగా ఓ కమిటీ వేశారు. రిజిస్ట్రార్ శశిభూషణ్ దానికి అధ్యక్షుడు. ఆయన ప్రసన్నలక్ష్మిని పిలిచి, కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించారు.

"మేడమ్ గారూ, సాయంత్రాలు మీ లైబ్రరీలోకి ఒక్కరు కూడా రావట్లేదండి. సాయంత్రం షిఫ్టు తీసేద్దాం. ఆ వీరవేణి ఔట్‌సోర్సింగే కదా, ఈ నెలాఖరుతో చాలు."

సాయంత్రమైతే ఆ హాల్లో కుర్చీ దొరకదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి డీఎస్సీకి చదువుకునే పిల్లలు కిటికీ గట్ల మీద కూడా కూర్చుంటారు.

"సార్, ఆ మిషన్ ఏ గుమ్మంలో ఉందో మీకు తెలుసు కదండీ."

"నాకు తెలీదా మేడమ్! నేనూ తూర్పునుంచేగా వస్తాను. కానీ ఫైల్లో అంకెలున్నాయి."

"మిషన్ ఇటు మార్పించండి సార్."

"మార్చాలంటే ఎందుకు మారుస్తున్నామో రాయాలండి. వాస్తు అని రాస్తే రేపు పేపర్లో పడతాం. ఒక పని చెయ్యండి. తూర్పు తలుపు వేసేసి, దక్షిణం తలుపు తెరవండి. సోమవారం కమిటీ మీ దగ్గరే కూర్చుంటుంది. అంకెలు పెరిగితే షిఫ్టు ఉంటుంది. లేదంటే నా చేతుల్లో ఏం లేదు."

ఆయన చేతుల్లో ఎప్పుడూ ఏమీ ఉండదు. ఆ చేతులతోనే సంతకాలు మాత్రం చేస్తుంటారు.

వీరవేణికి ఈ సంగతి చెప్పడం ఇంకో తిప్పలు. సాయంత్రం షిఫ్టు అటెండరు, చాగల్లు మనిషి. లైబ్రరీలో నిశ్శబ్దం పాటించవలెను అన్న బోర్డు కిందే కూర్చుని, నిశ్శబ్దంగా ఉండండహో అని కాలవ అవతలికి వినపడేలా అరుస్తుంది. బస్సు దొరకలేదని వారంలో సగం రోజులు ఆలస్యంగా వస్తుంది. ఆమెను చూసి ప్రసన్నలక్ష్మి లోలోపల విసుక్కున్న రోజులు చాలా ఉన్నాయి. కానీ ఆ మనిషి కువైట్‌లో ఓ ఇంట్లో పనిచేసి తిరిగొచ్చి, కూతురు తనని చూసి ఎవరో అనుకుని నాయనమ్మ వెనకాల దాక్కున్న రోజు, ఇక చచ్చినా వెళ్ళనని ఒట్టు పెట్టుకుని ఇక్కడ చేరింది.

విన్నాక వీరవేణి అరవలేదు. దానికే ప్రసన్నలక్ష్మికి భయం వేసింది.

"ఈ పని పోతే మళ్ళీ ఏజెంటు దగ్గరికే వెళ్ళాలండి. పిల్ల ఇప్పుడిప్పుడే నా పక్కన పడుకుంటందండి, మేడమ్ గారూ."

"నేనుండగా పోనివ్వను. తలుపు మారుస్తాం, అంతే కదా."

తలుపు మార్చారు. తూర్పు తలుపుకి గొళ్ళెం పడింది. సింహద్వారం రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. పగలు క్లాసుల పిల్లలు అటు తొంగి చూసి క్యాంటీన్ దారి పట్టారు. సాయంత్రం డీఎస్సీ పిల్లలు వచ్చారు. తూర్పు తలుపు తోశారు, రాలేదు. చుట్టూ తిరిగి దక్షిణానికి వచ్చారు. మెట్ల దాకా వచ్చారు, మెట్లెక్కారు, గుమ్మం ముందు ఆగిపోయారు. ఒక్కొక్కళ్ళే వరండాలో సంచులు దించుకుని, దీపం కింద నేల మీద కూర్చుని పుస్తకాలు తెరిచారు.

"లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, రండర్రా!" అంది వీరవేణి.

"పరీక్ష దగ్గరికొచ్చిందండి. ఇప్పుడెందుకండీ, రిస్కు," అన్నాడు భానుతేజ. లెక్కల్లో ఎమ్మెస్సీ, రెండుసార్లు ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. "ముందు మేడమ్ గారిని దాటమనండి. వెనకాలే మేం వచ్చేస్తాం."

అందరూ ప్రసన్నలక్ష్మి వైపు చూశారు. ఆమె గుమ్మం బయటే ఉంది. పొద్దున తూర్పు తలుపులోంచే లోపలికి వెళ్ళి, గొళ్ళెం పెట్టించి, సిబ్బంది మాత్రమే వాడే బైండింగ్ గది వెనక తలుపులోంచి బయటికి వచ్చింది. తను ఎందుకలా వచ్చిందో అప్పటిదాకా ఆలోచించలేదు. వీరవేణీ అలాగే వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎంత సేపు పని? కాలు ఎత్తి అవతల పెట్టడమే. గ్రంథాలయ శాస్త్రంలో డాక్టరేటు ఉంది, మూఢనమ్మకాల మీద సెమినార్లో వందన సమర్పణ కూడా చేసింది. కానీ నరసాపురంలో కూతురు శృతికి నెలలు నిండుతున్నాయి. ఇంతకుముందు ఓ కాన్పు పోయింది. ఏమీ కాదని బుద్ధి చెబుతూనే ఉంది. ఏమన్నా అయితే, ఆ గుమ్మం దాటిన కాలు తనదే అని జన్మంతా అనిపిస్తుంది. కాలు కదల్లేదు.

ఆమెకి సిగ్గేసింది. తను చెయ్యలేని పనిని, రెండుసార్లు దెబ్బతిన్న పిల్లాడిని చెయ్యమంటోంది. వాడికి పరీక్ష ఎంతో తనకి శృతి అంత. వరండాలో దోమలు కొట్టుకుంటూ చదువుతున్నవాళ్ళని ఇంకాసేపు చూసి, వెనకనుంచి వెళ్ళి తూర్పు తలుపు గొళ్ళెం తీయించింది. చప్పుడు వినగానే పిల్లలంతా బిలబిలమంటూ అటు పరుగెత్తారు. అర నిమిషంలో హాలు నిండిపోయింది. దక్షిణం గుమ్మంలో మిషన్ మాత్రం కిక్కురుమనలేదు.

"అయిపోయిందన్నమాటేగా మేడమ్ గారూ," అంది వీరవేణి. ఈసారి గుసగుసగానే.

సోమవారం కమిటీ వచ్చింది. ఐదుగురు. విశాఖపట్నం నుంచి నిపుణుడిగా వచ్చిన ఉదయ్‌భాస్కర్ అంకెల పట్టిక గోడ మీద వేసి, దేశంలో లైబ్రరీల భవిష్యత్తు గురించి చాలాసేపు మాట్లాడారు. చివరికి, "వినియోగం శూన్యం. తలుపు తెరిచినా ఎవరూ రాలేదని ఇక్కడే కనిపిస్తోంది," అన్నారు.

శశిభూషణ్ ప్రసన్నలక్ష్మి వైపు తిరిగి, "మీరేమైనా చెబుతారా మేడమ్?" అన్నారు. ఏమీ చెప్పకండి అని ఆ కళ్ళల్లో ఉంది.

ఆమె లేచి నిలబడింది.

"మా పిల్లలు దక్షిణం గుమ్మంలో అడుగు పెట్టరండి. యముడి దిక్కని. వాళ్ళని అనడానికి నాకు నోరు లేదు. నేనూ పెట్టలేదు. నాకు భయమేసింది."

ఉదయ్‌భాస్కర్ ఫక్కున నవ్వారు. "మీరు పీహెచ్‌డీ కదండీ!"

"అవునండి. పీహెచ్‌డీ ఉంది, భయమూ ఉంది. ఒక్క మాట అడుగుతాను సార్. మీ ఐదుగురూ ఇప్పుడు ఈ లైబ్రరీలోనే కూర్చున్నారు. ఇవాళ ఎంతమంది వచ్చారో ఆ మిషన్‌ని అడగండి."

ఆయన నవ్వుతూనే కంప్యూటర్ నొక్కారు. నవ్వు తగ్గింది. పొద్దున అబ్బులు మెట్లు కడిగిన తర్వాత ఇవాళ లైబ్రరీలోకి ఒక్క ప్రాణీ రాలేదని మిషన్ చెబుతోంది. ఐదుగురూ కారు దిగి, సింహద్వారం తెరిచే ఉన్నా, ఎవరూ చెప్పకుండానే తూర్పుకి నడిచి వచ్చినవాళ్ళే. ఒకాయన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"మీరూ లేనట్టేనా సార్?" అంది ప్రసన్నలక్ష్మి. "మీరు లేనట్టయితే, సాయంత్రం పిల్లలూ లేరు. తీసెయ్యండి షిఫ్టు."

తర్వాత ఐదుగురూ ఓ మూలకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. వచ్చి తీర్మానం రాసి, సంతకం కోసం ఆమె ముందు పెట్టారు.

"లైబ్రేరియన్ గారి వ్యక్తిగత విశ్వాసాల కారణంగా ప్రధాన ద్వారం వాడుకలో లేకపోవడం వల్ల లెక్కలు తప్పుగా వచ్చినవి. సాయంత్రం షిఫ్టు యథాతథంగా కొనసాగించవలెను. మిషన్‌ను తూర్పు ద్వారానికి మార్చవలెను. లైబ్రేరియన్‌ను హెచ్చరించవలెను."

ప్రసన్నలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. ఆ తాళం పడేనాటికి ఆమె ఇక్కడ చేరనే లేదు. వీసీలూ, రిజిస్ట్రార్లూ, ఇంజనీర్లూ అంతా కలిసి ఇన్నేళ్ళు పడ్డ భయం తీసుకొచ్చి ఒక్క ఆడమనిషి నెత్తిన రుద్దేశారు. ఇందులో సగం నిజం ఉండబట్టి ఇంకా మండింది. చింపి మొహాన కొడదామనుకుంది. కొడితే రెండో వాక్యం కూడా చిరుగుతుంది. ఆ రెండో వాక్యంలో వీరవేణి ఉంది, అమ్మ పక్కన పడుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకున్న ఓ పిల్ల ఉంది. సంతకం పెట్టింది.

బయట వరండాలో నిలబడ్డ వీరవేణికి కిటికీలోంచే చేత్తో సైగ చేసింది, ఉందిలే అని. వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడిపోయింది.

కమిటీ లేచింది. ఐదుగురూ తూర్పు తలుపులోంచే బయటికి నడిచారు. అందరికన్నా వెనకపడ్డ శశిభూషణ్ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి మేడమ్ గారూ. మీకు తెలియనిదేముంది," అన్నారు.

ఈ మాటకి మన గోదావరి జిల్లాల్లో ఒకటే జవాబు ఉంది. అయ్యో, పర్వాలేదండి అనాలి. ప్రసన్నలక్ష్మి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అదే అంటూ వచ్చింది. శశిభూషణ్ దానికోసమే నిలబడ్డారు.

"అనుకుంటానండి సార్," అంది ప్రసన్నలక్ష్మి.